పాపాయి పట్నం చూడబోయిన శనివారం

కూర్మమ్మకు కౌలాలంపూర్ ఎలా ఉంటుందో అల్లుడు చెప్పగా తెలిసింది. అంతకు ముందు ఆమెకు తెలిసిన లోకమల్లా బంటింగ్ పక్కనున్న ఆ రబ్బరు తోటే. మలయాలో తెల్లవాళ్ళు ఎమర్జెన్సీ పెట్టాక అదీ ముళ్ళకంచె లోపలికి కుంచించుకుపోయింది. అడవిలో కమ్యూనిస్టులున్నారు, వాళ్ళకు తోటల్లోంచి తిండి చేరుతోంది అని సర్కారు కూలీల లైన్ ఇళ్ళ చుట్టూ కంచె వేసి, ఒకే ఒక్క గేటు పెట్టింది. బియ్యం తూచి ఇచ్చేవారు. పొద్దున్నే పాల కోసం రబ్బరు చెట్ల బెరడు కోయడానికి పోయేటప్పుడు గేటు దగ్గర అందరినీ తడిమి చూసేవారు. బియ్యపు గింజ కూడా బయటికి పోకూడదు, పోతే జైలు. పని అయ్యేదాకా కడుపు మాడ్చుకుని, లోపలికి వచ్చాకే తినాలి. చీకటి పడితే కర్ఫ్యూ. ఇదంతా మిమ్మల్ని కాపాడటానికే అని దొరలు చెప్పేవారు. కోళ్ళను గంప కింద మూసేవాడూ ఆ మాటే చెబుతాడు.

కూర్మమ్మ ఆ తోటలోనే పుట్టింది. పరికిణీ వయసులోనే కత్తి పట్టి చెట్లు కోసింది. మొగుడు అప్పడిని యుద్ధంలో జపాన్ వాళ్ళు సయాం రైలు పనికి పట్టుకుపోయారు, మళ్ళీ రాలేదు. ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. పెద్దది ఎర్రమ్మకు ఆ యుద్ధకాలపు కరువులోనే పెళ్ళి చేసి పంపింది. తొలి కాన్పులో బిడ్డతో సహా పోయింది ఎర్రమ్మ. ఎందుకు పోయిందంటే కూర్మమ్మ దగ్గర ఒకటే జవాబు. ఒడిబియ్యం పెట్టకుండా పంపింది. కూతురు పుట్టింటి గడప దాటేటప్పుడు తల్లి ఆమె చీర ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి ముడి వేయాలి. అత్తవారింటికి చేరేదాకా ఆ ముడి విప్పకూడదు. అమ్మమ్మల కాలంలో విశాఖపట్నం రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్న ఆచారం అది. ఎర్రమ్మ వెళ్ళిననాడు ఇంట్లో కర్రపెండలం తప్ప గింజ లేదు. ఉత్త ఒడితో వెళ్ళింది. ఆ ఏడు తోటల్లో చచ్చిన బాలింతలంతా ఒడిలో బియ్యం లేకే చచ్చారా అని ఎవరైనా అడిగితే కూర్మమ్మ కళ్ళు తుడుచుకునేదే తప్ప మాట మార్చేది కాదు.

అందుకే రెండోది పాపాయి విషయంలో ఆమె గుండె కుదుట పడలేదు. పాపాయి పెళ్ళి క్లాంగ్‌లో గుడి దగ్గర జరిగింది. తోటలో విందు చేయాలంటే బియ్యం ఎక్కడివి? అటు నుంచి అటే అత్తవారింటికి పోయింది. పెళ్ళయ్యాక పుట్టింటి గడప దాటనే లేదు కాబట్టి ఒడిబియ్యం బాకీ ఉండిపోయింది. ఆ బాకీ తీరేదాకా పిల్ల బతుకుకు పూచీ లేదని తల్లి భయం.

అల్లుడు సీతారాం క్లాంగ్‌లో రేడియోలు బాగుచేస్తాడు. మంచివాడు. కాస్త ఎక్కువ మాట్లాడతాడు, అంతే. పెళ్ళయిన మూడో నెలలో, 1954లో, తోట ఆఫీసులో కిరాణి అనే గుమాస్తా దగ్గర అనుమతి రాయించుకుని పెళ్ళాన్ని తీసుకుని అత్తగారింటికి వచ్చాడు. శుక్రవారం రాత్రి ఉండి, శనివారం ఇక్కడి నుంచే కౌలాలంపూర్ పోవాలని వాళ్ళ ఏర్పాటు. శని, ఆది పట్నంలో గడిపి క్లాంగ్ చేరుకుంటారు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి చేసే మొదటి ప్రయాణం అది.

శుక్రవారం సాయంత్రం కూర్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని సీతారాం ఆ ఏర్పాటంతా చెప్పాడు. లైన్ సగం వచ్చి చుట్టూ కూర్చుంది. రేడియో మనిషి కదా, గొంతు కూడా అలాగే తిప్పాడు, మాట చివర మలై వాళ్ళ 'లా' కూడా తగిలించాడు.

"మద్దినాల బస్సు దిగగానే బటు రోడ్డు కాడికి ఎల్తాం అత్తా. అక్కడ అరిటాకేసి బోయనం. అన్నం చాలనేదాకా ఏత్తారు లా!"

"చాలనేదాకానా?" అంది పక్కింటి వెంకమ్మ. "తూచరేటి?"

"తూచరు పిన్నీ. అడిగినంత."

వెంకమ్మ నమ్మలేదు. ఇంకెవరో చారు పోస్తారా అని అడిగారు. పోస్తారు. పీతల కూర ఉంటుందా? ఉంటుంది. ఆకు మీద ఏది ముందు వడ్డిస్తారన్న దాని మీద కాసేపు తగువు కూడా నడిచింది. తరవాత సీతారాం పట్నంలో సాయంత్రం ఏం చేస్తారో మొదలుపెట్టాడు. బొగ్గుల మీద కాల్చిన సత్తే మాంసపు పుల్లలు, పైన వేరుసెనగ పులుసు. దీపాల తోరణాలు కట్టిన పార్కు. అందులో మలై వాళ్ళ బ్యాండు. వేదిక మీద జోగెట్ అనే మలై నాట్యానికి పరాయి ఆడపిల్లలు వరసగా కూర్చుని ఉంటారు. టిక్కెట్టు కొంటే వాళ్ళతో ఒక పాటకు నాట్యం చేయొచ్చు.

"నివ్వు సేత్తావేటి?" పాపాయి గుడ్లురిమింది.

"సూత్తానంతే!"

"కళ్ళు మూసుకుని సూడు," అంది పాపాయి. అందరూ విరగబడి నవ్వారు. కంచె పడిన నాటి నుంచి ఆ లైన్లో అంత నవ్వు వినబడలేదు. ఆదివారం పొద్దున కాఫీ దుకాణం, తరవాత సినిమా, ఆ తరవాత ఐసు పొడి మీద రంగు పాకం పోసి ఇచ్చే గిన్నె. సీతారాం ఒక్కొక్కటే చెబుతుంటే ఆకలి మీదున్న ఆ మనుషులు కళ్ళతోనే తిన్నారు. కూర్మమ్మ అల్లుడి మాటల కన్నా కూతురి మొహం ఎక్కువ చూసింది. పాపాయి ఒక్క మాటనూ జారవిడవకుండా వింటోంది. పిల్ల సుఖపడుతుందని కూర్మమ్మకు ఆ సాయంత్రం మొదటిసారి నమ్మకం కలిగింది. ఆ సుఖం నిలవాలంటే బాకీ తీరాలి.

మర్నాడు బయల్దేరే ముందు కూతుర్ని వంటగది చాటుకు పిలిచింది. తన రేషను లోంచి రోజూ కొంచెం కొంచెం తీసి దాచిన బియ్యం పసుపు కలిపి ఉంచింది.

పాపాయి అదిరిపోయింది. "అమ్మా, నీకు మతి పోనాదేటి? గేటు కాడ సూత్తారు!"

"ఆడోల్లని సూసేది లెచ్చుమే గదే. మన లెచ్చుమి. పై పైన తడిమి పొమ్మంటాది."

"వద్దే అమ్మా."

"మీ యప్ప ఉత్త వొడితో ఎల్లింది. మల్లా సూసినామా?"

అక్క మాట ఎత్తాక పాపాయి ఒడి పట్టింది. తల్లి ఒడిలో బియ్యం పోసింది, ముడి వేసి కుచ్చెళ్ళ వెనక్కి దోపింది, బొట్టు పెట్టింది. సీతారాంకు ఈ సంగతి తెలియదు. ఆడవాళ్ళ పూజ ఏదో అవుతోందనుకుని బయట బీడీ కాలుస్తూ నిలబడ్డాడు.

లెచ్చుమి గురించి కూర్మమ్మ అనుకున్నది తప్పు కాదు. లెచ్చుమి ఆ లైన్లో తమిళ మనిషే. ఆడవాళ్ళను సోదా చేసే పనికి సర్కారు ఆమెను పెట్టింది. తెలిసినవాళ్ళను మొక్కుబడిగా తడిమి వదిలేసేది. కాని ఆ శనివారం తెల్లదొర ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్క తోటలో నాలుగు రోజుల కిందట కాల్పులు జరిగాయి. దొర కళ్ళు లెచ్చుమి చేతుల మీదే ఉన్నాయి.

లెచ్చుమి వేళ్ళకు ముడి తగిలింది. ఆమె పాపాయి మొహంలోకి చూసింది. పాపాయి తల దించుకుంది. అక్కడ చెయ్యి ఆగిందని దొర చూడనే చూశాడు. లేచి వచ్చాడు. లెచ్చుమి ముడి విప్పక తప్పలేదు. పచ్చటి బియ్యం నేల మీద పడ్డాయి. లెచ్చుమి అప్పుడే ఏడుపు అందుకుంది.

సీతారాం ఆ బియ్యాన్నీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. కంచెకు లోపల నిలబడి సాగనంపుతున్న కూర్మమ్మ ఒక్క ఉదుటున గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. పాపాయి తల ఎత్తలేదు, అమ్మ పెట్టిందని చెప్పనూ లేదు. తల్లే అంది.

"నాను పెట్టినాను దొరా! పిల్లకి పాపం లేదు!"

దొరకు తెలుగు రాదు. తోట కిరాణి తంగరాజును పిలిపించారు. అతను తమిళుడు, ఏళ్ళ తరబడి తెలుగు కూలీలతో మసలి వాళ్ళ మాట బాగానే తెలిసినవాడు. ఈ బియ్యం ఎవరికి అని దొర అడిగాడు. తంగరాజు అడిగాడు.

"ఎవులికీ కాదు బావూ, ఆచారం! ఆడపిల్ల బైటికి ఎల్లినప్పుడల్లా ఇత్తాం. నానొక్కదాన్నే ఇచ్చినానా? మా తెలుగోల్లందరూ ఇత్తారు. మాయమ్మ ఇచ్చింది, మా యమ్మమ్మ ఇచ్చింది. ఎప్పటికీ ఇత్తాం!"

ఇందులో తప్పేమీ లేదని చూపించాలని ఆమె తాపత్రయం. తానొక్కతే చేస్తే నేరమవుతుంది, అందరూ ఎప్పుడూ చేసేది నేరమెలా అవుతుందని ఆ తల్లి లెక్క. తంగరాజు కూడా మేలు చేద్దామనే, ఒక్క మాటా పోనివ్వకుండా ఇంగ్లీషులో చెప్పాడు. ఆడపిల్ల బయటికి వెళ్ళిన ప్రతిసారీ వీళ్ళు బియ్యం పంపుతారు. ఈమె ఒక్కతే కాదు, వీళ్ళ జనమంతా పంపుతారు. ఈమె తల్లీ పంపింది. ఇక ముందూ పంపుతారు.

దొర నోటుబుక్కు తీశాడు. "ఎంత కాలంగా?" అన్నాడు.

"మొదట్నుంచీ," అంది కూర్మమ్మ. తన మాట పని చేసిందనే అనుకుంది.

ముడి ఎందుకు, కుచ్చెళ్ళ వెనక దాచడమెందుకు అని దొర మళ్ళీ అడిగాడు. అలాగే పెట్టాలి, చేరేదాకా ఎవరికీ చూపకూడదు అని ఆమె చెప్పింది. అదీ నిజమే. ఎక్కడికి చేరేదాకా అన్నప్పుడు మాత్రం ఎవరూ సరిగా చెప్పలేకపోయారు, ఎందుకంటే వాళ్ళు ఇంటికి పోవడం లేదు. సీతారాం కౌలాలంపూర్ అన్నాడు. అక్కడ ఎవరిని కలవడానికి? ఎవరినీ కాదు, తిని, పాటలు విని రావడానికి. అన్నం తినడానికి పోయేవాళ్ళు ఒడిలో బియ్యం కట్టుకుని ఎందుకు పోతారని దొర అడిగాడు. దానికి ఈ భూమ్మీద జవాబు ఉంది కాని, అది దొరకు అర్థమయ్యేది కాదు. నువ్వేం పని చేస్తావని అడిగాడు చివరికి. రేడియోలు బాగుచేస్తానని సీతారాం చెప్పాడు. పాపాయినీ సీతారాంనూ జీపు ఎక్కించారు.

సాయంత్రానికి లైన్లో తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ సోదా చేశారు. బియ్యం డబ్బాలు బోర్లించారు. కూర్మమ్మ ఒక్కో ఇంటికీ వెళ్ళి కాళ్ళు పట్టుకుంది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

కోర్టులోనూ తంగరాజు ఇంగ్లీషులో చెప్పిన ఆ మాటలే చదివారు. ఎవరి ఒంటి మీద దొరికితే వాళ్ళదే నేరమని చట్టం. తల్లిని వదిలేశారు. కూతురికి మూడేళ్ళు వేశారు. "నన్ను పట్టుకెల్లండి" అని కూర్మమ్మ కోర్టు బయట పోలీసు చెయ్యి పట్టుకుని లాగింది. అతను మెల్లగా విడిపించుకున్నాడు. సీతారాంను కొన్నాళ్ళుంచి వదిలారు. మళ్ళీ పేరు వినబడితే ఇండియా ఓడెక్కిస్తామని చెప్పి వదిలారు. అతను పుట్టింది క్లాంగ్‌లో. ఇండియాలో ఎవరున్నారు అతనికి? మొదటి ఏడు జైలుకు రెండుసార్లు వెళ్ళాడు. తరవాత మానేశాడు. మరుసటేడు ఇపో ఊరి వైపు వెళ్ళి ఇంకో పిల్లను చేసుకున్నాడని కబురు వచ్చింది. అతన్ని ఎంత తిట్టినా తప్పులేదు. కాని అంత భయపెడితే ఎంతమంది నిలబడతారన్నది వేరే సంగతి.

జైలు కౌలాలంపూర్‌లోనే. బతుకులో ఎన్నడూ పట్నం ఎరగని కూర్మమ్మ కూతుర్ని చూడటానికి ఆ పట్నం పోవడం నేర్చుకుంది. అల్లుడు చెప్పిన ఏర్పాటే ఆమెకు దారి. ఆ బస్సే, ఆ దిగే చోటే, ఆ బటు రోడ్డే. అరిటాకు భోజనం చోటు నిజంగానే ఉంది. వడ్డించేవాడు బకెట్టు పట్టుకుని తిరగడం కిటికీలోంచి కనిపించేది. ఆమె తల తిప్పుకుని జైలు వైపు నడిచేది. జాలీ అవతల పాపాయి బాగున్నానే అనేది. ఒడిబియ్యం మాట తల్లీ ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు. కూర్మమ్మకు తెలియాల్సింది ఒకటే. పిల్ల బయటికొచ్చాక తన దగ్గరికి వస్తుందా, రాదా? అడిగే ధైర్యం లేక మూడేళ్ళు గడిపింది.

1957లో మెర్దేకా ముందు రోజు, శుక్రవారం, పాపాయిని విడిచిపెట్టారు. అప్పటికి ఆ మాట అందరి నోటా ఉంది. మలై మాటే అయినా మెర్దేకా అంటే స్వాతంత్ర్యం అని తోటలో పసివాళ్ళకు కూడా తెలుసు. కూర్మమ్మ ముందుగానే సెలవడిగి, శుక్ర, శనివారాలకు తానే ఒక ఏర్పాటు వేసుకుంది. పాపాయిని భోజనానికి తీసుకుపోవాలి. సత్తే తినిపించాలి. పార్కులో బ్యాండు వినిపించాలి. రాత్రికి గుడి సత్రంలో పడుకోవాలి. శనివారం మధ్యాహ్నపు బస్సుకు ఇద్దరూ తోటకు పోవాలి. పిల్లకు దక్కకుండా పోయినదంతా రెండు రోజుల్లో ఇచ్చేస్తే, ఆ తరవాత నోరు తెరిచి మాట అడగొచ్చని ఆమె ఆశ.

జైలు బయట పాపాయి సన్నగా, నల్లగా, చేతిలో చిన్న మూటతో నిలబడింది. కూర్మమ్మ కావిలించుకుంది. పిల్ల చేతులు పక్కలకే వేలాడుతున్నాయి. కాసేపటికి ఒక చెయ్యి తల్లి వీపు మీద పడింది.

భోజనం దగ్గర కూర్మమ్మ తాను తినలేదు. పాపాయి ఎడమ చెయ్యి ఆకు చుట్టూ అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, గబగబా తినేసింది. వడ్డించేవాడు ఇంకా వేయనా అన్నాడు. పాపాయి ఉలిక్కిపడి ఆకు మూసేసింది.

"అడిగినంత ఏత్తారమ్మా," అంది కూర్మమ్మ.

"తెలుసు. ఆయన సెప్పినాడు గదా," అంది పాపాయి. మొగుడి మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం ఊరు ఊరంతా దీపాలతో వెలిగింది. జెండాలు, లారీల్లో పాటలు పాడే జనం, సత్తే పొగ. పార్కు వేదిక మీద బ్యాండు మోగుతోంది. కుర్రాళ్ళు టిక్కెట్టు ఇచ్చి ఆడపిల్లల ఎదురుగా అడుగులు వేస్తున్నారు. కూర్మమ్మ కూతురి పక్కన నిలబడి, నవ్వుతుందేమోనని మాటిమాటికీ చూసింది. పాపాయి వేదిక వైపు చూడటం లేదు. పార్కులోకి వచ్చేవాళ్ళను, పోయేవాళ్ళను చూస్తోంది.

"అమ్మా, ఈలు ఎక్కడికి ఎల్తన్నారని ఎవులూ అడగరేటి?"

"ఎవులడుగుతారే? పట్నం గదా."

"రాత్రయినా?"

"రాత్రయినా."

పాపాయి మళ్ళీ ఆ వచ్చేపోయేవాళ్ళనే చూసింది. కూర్మమ్మ ఇక ఆగలేకపోయింది. అంత గోల మధ్య, అంత మంది మధ్య కూతురి చెయ్యి పట్టుకుంది. "నా వల్లే గదే నీ బతుకు పోనాది. నా నోటి వల్ల. నన్ను కొట్టు, తిట్టు. ఇంటికి రాననకు," అని ఏడ్చింది.

"నీ మీద కోపం లేదమ్మా," అంది పాపాయి. ఆ గొంతులో నిజంగానే కోపం లేదు. కోపముంటే కూర్మమ్మకు కాస్త ఆశ ఉండేది. "జైల్లో వార్డరమ్మ ఉన్నాది. ఆవిడ అక్కకి ఇక్కడ బట్టలుతికే దుకాణం. పని ఇత్తానన్నాది. పడుకోడానికి సోటు కూడా. రేపు ఎల్లాలి."

"మరి ఇల్లు?"

"ఇంటికొత్తే మల్లా ఒకనాడు బైల్దేరాలి గదే అమ్మా. నాను ఆ గేటు దాటలేను. నీకు దండం పెడతాను, అడక్కు."

కూర్మమ్మ అడగలేదు. గుడి సత్రంలో ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నారు. బయట జనం మెర్దేకా, మెర్దేకా అని అరుస్తూనే ఉన్నారు. పాపాయి నిద్రపోయింది. తల్లి ఆ పక్కనే కళ్ళు తెరుచుకుని పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బస్సు స్టాండు దాకా పాపాయి వచ్చింది. అడవిలో యుద్ధం ఇంకా ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చినా తోటకు కంచె అలాగే ఉంది, కర్ఫ్యూ కూడా. బస్సు జనంతో కిటకిటలాడుతోంది. కూర్మమ్మ మెట్టు మీద కాలు పెట్టి, దించి, మళ్ళీ పెట్టింది.

"ఎల్లమ్మా," అంది పాపాయి. "గేటు మూసేత్తారు."

కూర్మమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద తన మూట పెట్టింది. కింద పాపాయి ఒక్క చెయ్యి ఎత్తింది, జనంలోకి తిరిగింది. ఆ జనంలో ఏది తన కూతురి తలో కాసేపటికి ఆమెకు తెలియలేదు. బస్సు కదలబోతుండగా ఎవరో కుర్రవాడు, చేతిలో కాగితపు జెండాతో, సందులోంచి దూరి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆ సీటు ఎవరి కోసమైనా ఆపారా అని అడిగాడు.

కూర్మమ్మ మూట తీసి ఒడిలో పెట్టుకుంది.

"లేదు బావూ, ఎవులూ రారు. కూకో."